మత్తునిద్రలో రక్తపుపోటు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను భారతమునందలి ఏ ఘట్టమునో, వసుచరిత్రమునందలి ఏ శ్లేషనో ఎత్తుకొందునని తమలో చాలమంది అనుకొనియుందురు. పగలు సహకార సంఘపు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులు ఈ గ్రంథాలయపు బల్లవద్ద కూర్చుండి, గురువు లేకయే నాలుగు పద్యములు నేర్చుకొన్నవాడను. వైద్యము చదివినవాడను కాను. అయినను నేడు నేనెన్నుకొన్న విషయము వైద్యమునకు సంబంధించినదే. రక్తపుపోటు గలవారికి శస్త్రచికిత్స జరుగునపుడు, మత్తునిద్రలో వారి గుండెను, నాడిని వైద్యులెట్లు కాపాడుదురనునది నా విషయము. దీనిని ఎన్నుకొనుటకు కారణము నేను చేసిన ఒక తప్పు. ముందుగా దానిని తమ యెదుట ఒప్పుకొని, పిదప విషయములోనికి పోయెదను.

రెండేండ్ల క్రిందట మా అన్నగారికి పిత్తాశయమున రాళ్ళున్నవని తేలినది. పట్టణమున శస్త్రచికిత్సకు దినము నిశ్చయమైనది. ఆయనకు పదేండ్లుగా రక్తపుపోటు కలదు. దినమునకు రెండు బిళ్ళలు మ్రింగుచుండిరి. ఆసుపత్రివారు బిళ్ళల మాట అడుగలేదని నేను చెప్పను. అడిగిరి. "బీపీకి ఏవో రెండు బిళ్ళలండి" అని నేనే బదులు చెప్పితిని. వాని పేర్లు నాకు తెలియవు. "ఆపరేషను నాటి ఉదయము నోట ఏమియు వేయరాదు" అని వారు చెప్పగా, మందు కడుపులో నుండుటయే మంచిది కాదేమోయని నా బుద్ధికి తోచి, మూడు దినముల ముందే వానిని మాన్పించితిని.

"డాక్టరుగారిని అడిగి మానితే మంచిదేమోరా తమ్ముడూ" అని అన్నగారనిరి.

"ఇంత చదివినవాణ్ణి నేనున్నాను గదా అన్నయ్యా" అంటిని.

ఆ ఉదయము ఆయనను బల్లమీద పరుండబెట్టి కొలిచిరి. పై అంకె 206. క్రింది అంకె 118. నాడి నిమిషమునకు 114. కొంతసేపు ఆగి ఆగి మూడుమార్లు కొలిచినను దిగలేదు. మత్తు డాక్టరుగారు, చిన్న వయస్సు గల స్త్రీ, వెలుపలికి వచ్చి ఆ దినము మత్తు ఇయ్యనని చెప్పిరి. నాకు కోపము వచ్చినది. "అమ్మా, అరవై కిలోమీటర్ల నుంచి కారు బాడుగకు తీసుకొని వచ్చాము. మత్తు ఇస్తే పోటు దానంతటదే దిగుతుందంటారు గదా" అంటిని.

ఆమె కోపింపలేదు. "దిగుతుందండి. అదే నా భయం" అనిరి.

ఆ రెండు మాటలకు అర్థము తెలిసికొనుటకు నాకు చాల దినములు పట్టినది. ఆమె కొంత చెప్పిరి. తక్కినది మన గ్రంథాలయమునకు తెప్పించిన పుస్తకములలో చదివితిని. తెలియని చోట ఆమెనే తిరిగి అడిగి తెలిసికొంటిని. నేడు నేను చెప్పబోవునది ఆ రెండు మాటలకు వ్యాఖ్యానము మాత్రమే.

మన పూర్వులు మత్తును గూర్చి ఎరుగకపోలేదు. సుశ్రుతుడు శస్త్రమునకు ముందు రోగికి భోజనము పెట్టవలెననియు, నొప్పి సహింపలేని వానికి, అలవాటున్నచో, తీక్ష్ణమైన మద్యము త్రాగించవలెననియు చెప్పినాడు. భోజప్రబంధమునందు ఒక కథ కలదు. భోజరాజునకు తీరని తలనొప్పి కలుగగా, అశ్వినీదేవతలు మారువేషమున వచ్చి, ఆయనకు మోహచూర్ణముతో స్పృహ పోగొట్టి, కపాలమును తెరచి లోనున్న చేపను తీసివేసి, తిరిగి అతికించి, సంజీవనితో మేల్కొలిపిరట. కవి నిద్రపుచ్చుటను చెప్పినాడు, మేల్కొలుపుటను చెప్పినాడు. ఈ రెంటికి నడుమ రాజుగారి నాడి ఎట్లు నడచినదో చెప్పలేదు. దేవతలు చేసిన పని గనుక చెప్పనక్కరలేదు. మనుష్యులు చేయునపుడు ప్రాణమంతయు ఆ నడిమి కాలముననే కలదు.

ఈ పోటనగా నేమో ముందు చూతము. గుండె ముడుచుకొని రక్తమును నెట్టినపుడు గొట్టముల గోడలపై పడు ఒత్తిడి పై అంకె. గుండె విప్పుకొని విశ్రమించునపుడు మిగిలియుండు ఒత్తిడి క్రింది అంకె. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను క్రైస్తవ గురువు ఒక ఆడుగుఱ్ఱపు రక్తనాళమునకు గొట్టము కలిపి, రక్తము నిలువుగా ఎనిమిది అడుగులకు పైగా ఎగబ్రాకుట చూచి, 1733లో ప్రకటించెను. చేతికి పట్టీ చుట్టి కొలుచు సాధనమును 1896లో ఇటలీ దేశపు రివారొచ్చి చేసెను. పట్టీ క్రింద చెవిగొట్టము పెట్టి శబ్దము వినుటను 1905లో రష్యా వైద్యుడు కొరోట్కాఫ్ నేర్పెను. నేడు మన ఆరోగ్య కేంద్రములో కొలుచునది ఆ వంశములోనిదే.

మత్తు వైద్యులు ఈ రెండు అంకెలతో తృప్తిపడరు, సగటు కట్టుదురు. లెక్కలవాడను గనుక ఇది నాకు సులభముగ అర్థమైనది. క్రింది అంకెకు, రెండంకెల తేడాలో మూడవవంతు కలుపవలెను. సగము గాక మూడవవంతే యేల? గుండె పని చేయుకాలము కంటె విశ్రాంతి కాలము హెచ్చు గనుక. మందులు సరిగా మ్రింగుచున్న దినములలో మా అన్నగారి పోటు 150కి 90. తేడా 60, మూడవవంతు 20, సగటు 110. దీనికి ఐదవవంతు, అనగా 22 తగ్గించినచో 88. తెలిసిన పోటునకు ఐదవవంతు కంటె హెచ్చుగా అటునిటు పోనీయకుండుట మత్తు వైద్యులు సాధారణముగా పెట్టుకొను నియమము. కనుక మా అన్నగారి విషయమున 88 దిగువ గట్టు. పొలములో పనిచేయు యువకునకు 110కి 70 ఉండవచ్చును. వాని సగటు సుమారు 83. చూచితిరా! వానికి నిండు నిల్వయైన అంకె మా అన్నగారికి లోటు క్రింద లెక్క.

ఇట్లేల జరుగునో కాలువను బట్టి చెప్పెదను. మన కాలువ చివరి భూముల రైతులు ఈ సభలో నున్నారు. తూములు పూడి, పిల్లకాలువలు ఇరుకైనపుడు, కాలువలో నీటిమట్టము హెచ్చుగా నున్ననేగాని వారి పొలమునకు నీరెక్కదు. అట్టి కాలువలో మట్టమును "ఇది చాల హెచ్చు, తక్కిన కాలువలతో సమానము చేయుడు" అని ఒక్కసారి దింపినచో, లాకు దగ్గర నిలిచినవానికి అంతయు సవ్యముగానే కనబడును; ఎండునది చివరి మడి. ఏండ్ల తరబడి పోటు హెచ్చుగా నున్నవారి రక్తనాళములు మందమై ఇరుకగును. మెదడు, మూత్రపిండములు, గుండె ఆ హెచ్చుమట్టమునకే అలవాటుపడును. మట్టము కొంత హెచ్చుతగ్గులైనను తమకు వలసిన రక్తమును సరిచేసికొనుశక్తి ఈ అవయవములకు కలదు. పోటువారిలో ఆ సర్దుబాటు పైమెట్టునకు జరిగిపోవును. అందుచేత ఆరోగ్యవంతుడు తట్టుకొను తగ్గుదలను వీరు తట్టుకొనలేరు. "దిగుతుంది, అదే నా భయం" అను మాటకు మొదటి అర్థమిది.

రెండవ అర్థము నాడికి సంబంధించినది. శరీరమంతటికి రక్తము పంచు గుండె తాను భుజించునది విశ్రాంతి వేళనే. ఎడమ గుండె కండరమునకు రక్తము చాలవరకు అది విప్పుకొనినపుడే ప్రవేశించును. నాడి నిమిషమునకు 60 అయినచో ఒక్కొక్క దెబ్బకు ఒక సెకను. అందులో ముడుచుకొనుటకు సుమారు 0.3 సెకను పోగా 0.7 విశ్రాంతి. నిమిషమునకు 42 సెకన్లు గుండెకు భోజన కాలము. నాడి 100 అయినచో దెబ్బకు 0.6 సెకను. ముడుచుకొను కాలము అంతగా తగ్గదు గనుక, విశ్రాంతి సుమారు 0.3 మాత్రమే. నిమిషము మొత్తము మీద 30 సెకన్లు. పని హెచ్చినది, భోజనవేళ తగ్గినది. నాడి వేగముగా నుండగా పోటు పడిపోయినచో రెండు వైపులనుండియు నష్టమే. పోటుతో బాటు నాడిని గూడ అదుపులో నుంచవలెననుట ఇందుకే.

ఇక శస్త్రచికిత్సలో ఈ హెచ్చుతగ్గులెక్కడ వచ్చునో వరుసగా చెప్పెదను.

మొదటిది నిద్రపుచ్చు ఘడియ. ఇప్పుడు ఎక్కువగా వాడు ప్రొపోఫాల్ అను మందు పాలవలె తెల్లగా నుండును. అది రక్తనాళములను సడలించును గనుక పోటు దిగును. పోటువారిలో ఎక్కువగా దిగును. కనుక దానిని ఒక్కసారి పోయక, కొంచెము కొంచెముగా, అంకె చూచుకొనుచు ఇత్తురు.

రెండవది, నిమిషమైనను గడువక ముందే, దీనికి పూర్తిగా ఎదురు. ఊపిరి గొట్టమును కంఠములోనికి దింపుటకు నాలుకను పైకెత్తు పరికరమును పెట్టుదురు. రోగికి స్పృహ లేకున్నను శరీరమునకు తెలియును. అది ఉలికిపడి ఎడ్రినలిన్ మొదలగు ద్రవములను విడుచును. నాడి పరుగెత్తును, పోటు ఎగయును. దీనికై ముందుగనే ఫెంటనిల్ వంటి నొప్పి మందునిచ్చి, గొట్టము దింపుటను త్వరగా ముగింతురు. వలసినచో ఎస్మొలాల్ అను మందుతో నాడిని నెమ్మదింపజేయుదురు. ఈ ఎస్మొలాల్ గుణము చూడదగినది: సుమారు తొమ్మిది నిమిషములలో సగము కరగిపోవును. నిమిషములలో వచ్చిపోవు ఆపదకు నిమిషములలో వచ్చిపోవు మందే తగును. అది తీరిన పిదప కత్తి పడువరకు నొప్పి లేని ఖాళీ సమయము వచ్చును. అప్పుడు మరల పోటు దిగును.

మూడవది శస్త్రకాలము. మా అన్నగారికి జరిగినట్టి చిన్నరంధ్రముల పద్ధతిలో పొట్టలోనికి బొగ్గుపులుసు గాలిని నింపుదురు. దానివలన పోటు హెచ్చవచ్చును. తల వైపు బల్లను ఎత్తుటచే రక్తము కాళ్ళలో నిలిచి తగ్గనువచ్చును. నొప్పి చాలక హెచ్చినదా, మత్తు చాలక హెచ్చినదా, రక్తము పోయి తగ్గినదా, మత్తు ఎక్కువై తగ్గినదా అని కారణము వెదకి సరిదిద్దవలెను. పోటు తగ్గి నాడి వేగముగా నున్నచో ఫినైలెఫ్రిన్ వంటిది తగియుండును. అది పోటును పెంచి నాడిని నెమ్మదింపజేయును. పోటుతో బాటు నాడియు మందగించినచో రెంటిని పెంచు ఎఫెడ్రిన్ తగును. జమ చేయవలసిన పద్దును ఖర్చులో వ్రాసినచో లెక్క ఎన్నటికి కుదురదు గదా!

నాలుగవది మేలుకొలుపు. కథ ముగిసినదని మనము వెలుపల ఊపిరి పీల్చుకొను వేళకు లోపల ఇంకొక గండము కలదు. గొట్టము తీయునపుడు దగ్గు, నొప్పి, చలి వణుకు, నిండిన మూత్రాశయము, ఇవన్నియు పోటును పైకి తోయును. పోటు మందు వేయుటకు ముందు ఈ చిన్న కారణములను చూడవలెనని వారి శాస్త్రము. మూత్రము పోయించినంతనే దిగిన పోటునకు సూదిమందు వేసినచో పిదప అది పాతాళమునకు దిగును.

నడుమునకు సూది వేయుట చిన్న మత్తు, దానికి భయము లేదు అని మన ఊరిలో అనుకొందురు. ఊపిరి గొట్టపు బాధ అందులో లేదనుట నిజము. కాని ఆ మందు నడుము క్రింది రక్తనాళములను బిగించి పట్టు నరములను గూడ నిద్రపుచ్చును. పోటు చురుకుగా పడిపోవచ్చును. అక్కడ కూడ బీపీ మాట దాచరాదు.

ఇన్ని హెచ్చుతగ్గులను పట్టుకొను సాధనమేమి? ఇచ్చట నాకు మిక్కిలి ఆనందము కలిగించిన సంగతి యొకటి చెప్పెదను. అది ఒక చిట్టా! బోస్టను నగరమున హార్వీ కుషింగ్ అను వైద్య విద్యార్థి 1893లో ఒక రోగికి ఈథరు మత్తునిచ్చుచుండగా ఆ రోగి మరణించెను. ఆ దుఃఖము అతనిని విడువలేదు. 1894-95లో అతడును, కాడ్‌మన్ అను సహాధ్యాయియు కలిసి, మత్తులో నున్నవాని నాడిని, ఊపిరిని వేళ వేళకు ఒక కాగితముపై గుర్తించు పద్ధతి నేర్పరచుకొనిరి. 1901లో కుషింగ్ ఇటలీకి పోయి రివారొచ్చి సాధనమును చూచి, దానిని అమెరికాకు తెచ్చి, ఆ కాగితమునకు రక్తపుపోటును గూడ చేర్చెను. నేడు ఐదు నిమిషములకొకసారికి తక్కువ గాకుండ పోటును, నాడిని వ్రాయని మత్తు పత్రము లేదు. తప్పు జరిగినపుడు దానిని కప్పిపుచ్చక, మరల జరుగకుండుటకు పుస్తకము తెరచినవానికి లెక్కలవాడనైన నేను నమస్కరింపకుండలేను.

మన హైదరాబాదునకు గూడ ఈ చరిత్రలో స్థానము కలదు. క్లోరోఫారము పీల్చిన కొందరు హఠాత్తుగా చనిపోవుచుండగా, గుండె ముందు ఆగుచున్నదా, ఊపిరి ముందు ఆగుచున్నదా అని లోకమంతట వాదము నడచినది. హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ, నిజాము ప్రభువు ధనసాయముతో, 1888లోను 1889లోను రెండు పరిశోధక సంఘములను కూర్చి జంతువులపై వందలకొలది ప్రయోగములు జరిపించెను. ఊపిరి ఒక్కటి చూచుకొనిన చాలును, నాడిని చూడనక్కరలేదు అని వారు తేల్చిరి. 1911లో ఇంగ్లండున లెవీ అను వైద్యుడు పిల్లులపై పరిశోధించి, క్లోరోఫారము మత్తు పలుచగా నున్నపుడు ఎడ్రినలిన్ తోడైనచో గుండె ఉన్నట్లుండి అదరి ఆగిపోగలదని చూపెను. ఊపిరిని కనిపెట్టుమన్న హైదరాబాదువారి మాట మంచిదే. నాడిని విడువుమన్న మాట తప్పు. అంత శ్రమపడినవారు కూడ సగము సత్యమునే పట్టుకొనిరి. ఒక్క అంకెను చూచి నిర్ణయింపరాదని ఆ పాఠము.

ఇక మనకు నేరుగా అక్కరకు వచ్చు భాగము. ఎంత పోటున్నచో శస్త్రము ఆపుదురు? బ్రిటన్ వైద్య సంఘములు 2016లో ప్రకటించిన నియమముల ప్రకారము, గత పండ్రెండు నెలలలో తమ వైద్యునివద్ద 160కి 100 లోపు ఉన్నట్లు వ్రాతమూలమున్నచో సాగవచ్చును. అట్టి వ్రాత లేనిచో, శస్త్రమునకు ముందు పరీక్షలో 180కి 110 లోపు ఉండవలెను. ఆసుపత్రిలో భయముచేత ఒక్కనాడు హెచ్చిన అంకె కంటె, ఇంటివద్ద నెలల తరబడి వ్రాసిన అంకెలకు విలువ హెచ్చని దీని సారము. ప్రాణాపాయమైన శస్త్రమునకు ఈ ఆగుట వర్తింపదు. అప్పుడు పోటును సవరించుకొనుచునే చేయుదురు.

వ్యక్తి యొక్క మామూలు అంకెను తెలిసికొనుట ఎంత ముఖ్యమో ఫ్రాన్సులో జరిగిన ఒక పరిశోధన చూపినది. దాని ఫలితము 2017లో వెలువడినది. ఆపద హెచ్చుగా గల 298 మందిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమువారి పై అంకెను వారి వారి మామూలు అంకెకు పదవవంతు లోపలనే నిలిపిరి. రెండవ వర్గమునకు వాడుకలోని పద్ధతిని అనుసరించిరి. అవయవములు దెబ్బతినుట మొదటి వర్గమున నూటికి 38 మందిలోను, రెండవ వర్గమున నూటికి 52 మందిలోను కనబడినది. 2023లో వెలువడిన మరింత పెద్ద పరిశోధనలో ఇట్టి భేదము కనబడలేదు గనుక, పదవవంతా ఐదవవంతా అను చర్చ వైద్యులలో సాగుచునే యున్నది. కాని రోగి మామూలు అంకె తెలియనిచో ఏ పద్ధతియు నడువదు.

బిళ్ళలన్నియు ఒక్కటి కావు. మెటోప్రొలాల్, ఎటెనొలాల్ మొదలైన బీటా బ్లాకర్లను ఏండ్లుగా మ్రింగువారు హఠాత్తుగా మానరాదు. మానినచో నాడియు పోటును కట్ట తెగినట్లు ఎగయవచ్చును. మా అన్నగారి రెండు బిళ్ళలలో ఒకటి మెటోప్రొలాల్. నేను మాన్పించినది దానినే. క్లొనిడిన్ అను మందును మానినను ఇట్లే జరుగును. అట్లని ముందు లేనివానికి శస్త్రము నాడే బీటా బ్లాకరు మొదలు పెట్టుటయు క్షేమము కాదు. 8,351 మందిపై జరిపి 2008లో ప్రకటించిన పరిశోధనలో, ఆ మందును శస్త్రమునకు ముందు క్రొత్తగా, పెద్ద మోతాదులో మొదలిడినవారిలో గుండెపోటులు తగ్గినవి గాని పక్షవాతములు, మరణములు హెచ్చినవి. అదే మందు, అదే గుండె. అలవాటున్నవానికి మానుట కీడు, లేనివానికి తటాలున మొదలిడుట కీడు.

ఆమ్లొడిపిన్ వంటివి సాధారణముగా ఉదయము వేసికొనుమందురు. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ తెగలవానిని ఒక దినము ముందు ఆపుమని పలువురు చెప్పుదురు, మత్తులో పోటు ఎక్కువగా దిగునని. 2024లో ఫ్రాన్సునుండి వెలువడిన పరిశోధనలో, ఆపినను ఆపకున్నను తరువాతి చిక్కులు సమానముగానే యుండెను. మత్తులో పోటు దిగుట మాత్రము ఆపనివారిలో హెచ్చుగా నుండెను. కనుక ఏది మానవలెనో ఏది మ్రింగవలెనో చెప్పవలసినవారు మత్తు డాక్టరుగారు. పొరుగువాడు కాడు, తమ్ముడు అసలే కాడు. "నోట ఏమియు వేయరాదు" అనగా అన్నము, పాలు, కాఫీ వద్దని. వేయుమన్న బిళ్ళను ఒక గుక్కెడు నీళ్ళతో మ్రింగుటకు అడ్డులేదు.

మోకాళ్ళ నొప్పులకు దుకాణమున కొని మ్రింగు మాత్రలు పోటును పెంచగలవు. అతిమధురము ఎక్కువగా వాడినను పెరుగును. పొగ, మద్యము మాట కూడ దాచరాదు. అవి చెప్పుటకు సిగ్గుపడి ప్రాణముమీదికి తెచ్చుకొనుట వివేకము కాదు.

ఇదంతయు చెప్పి నేను కోరునది ఒక్కటే. సంఘములో వందలమంది అప్పుల లెక్కలు నావద్ద దినము తప్పక వ్రాయబడియున్నవి. మా తోడబుట్టినవాడు మ్రింగు రెండు బిళ్ళల పేర్లు మాత్రము నావద్ద లేవు. ఈ గ్రామమున ఎందరి ఇండ్లలో నున్నవి? అందుచేత ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమువారు ఒక చిన్న పనికి పూనుకొనవలెనని మనవి. నెలకొక ఆదివారము మన యువ పాఠకులు ఇచ్చట కూర్చుండి, వచ్చిన పెద్దలకు ఒక్కొక్క అట్టముక్క వ్రాసి ఇయ్యవలెను. దానిపై బిళ్ళ పేరు, ఎంత బలముగలది, ఏ వేళ మ్రింగునది, ఎన్నేండ్లుగా, పడని మందేదైన కలదా అని వ్రాయవలెను. ఆరోగ్య కేంద్రములో కొలిచిన పోటును, నాడిని తేదీతో క్రింద చేర్చుచుండవలెను. ఆ అట్ట ఎవరిది వారి వద్దనే యుండవలెను. ఆసుపత్రికి పోవునపుడు జేబులో నుండవలెను. మత్తు డాక్టరుగారు తెరచు చిట్టాలో మొదటి పంక్తి ఆ అట్టయే. ప్రారంభపు నిల్వ తెలియని లెక్కను ఎంతటి గణకుడును సరిచేయలేడు.

మా అన్నగారి కథ ముగింపవలసియున్నది. బిళ్ళలు తిరిగి మొదలిడి, మూడు వారములు అంకెలు వ్రాసి తీసికొనిపోయితిమి. ఆ ఉదయము మెటోప్రొలాల్‌ను గుక్కెడు నీళ్ళతో మ్రింగించితిమి. శస్త్రము సుమారు గంటన్నర పట్టినది. డాక్టరమ్మగారు వెలుపలికి వచ్చి తాము వ్రాసిన పత్రమును నాకు చూపిరి. చిన్నచిన్న గుర్తులు వరుసగా, రెండు గట్ల నడుమ పారు కాలువవలె నుండినవి. ఒక్కచోట మాత్రము, నిద్రపుచ్చిన వెంటనే, క్రిందికి వంగి మరల లేచినది. "ఇక్కడ కొంచెం భయపెట్టారండి మీ అన్నగారు" అని ఆమె నవ్విరి. నేను ఆ వంపునే చాలసేపు చూచితిని. మూడు దినములు బిళ్ళ మానినవానికి ఆనాడే మత్తు ఇచ్చియున్నచో, ఆ వంపు ఎంత లోతునకు పోయెడిదో నాకు అప్పటికి తెలియును.

అన్నగారు నేడు ఈ సభలో మూడవ వరుసలో కూర్చుండియున్నారు. అట్టముక్క జేబులో నున్నదో లేదో సభ ముగిసిన పిదప తమరే అడుగవచ్చును.